తెలిసిన కథకు తెల్లవారే దాకా
(సిద్దిపేటలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చు ప్రతి)



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవారు. పద్యం ఆయన ప్రాణం. అయినా ఆయన బీరువాలో ప్రబంధాల పక్కనే డిటెక్టివ్ నవలలు ఉండేవి. ఎవరైనా వస్తున్నారంటే వాటిని లోపల పెట్టేసే అలవాటు ఆయనకు లేదు. పాఠకుణ్ని కూర్చోబెట్టే విద్య ఎవరి దగ్గరున్నా నేర్చుకోవలసిందేనన్నది ఆయన పట్టు. అందుకే ఈ సంవత్సరం మాట్లాడమని అడిగినప్పుడు నేను ఈ అంశమే కోరుకున్నాను: చిన్న కథలో ఉత్కంఠ ఎలా పుడుతుంది, రచయిత దాన్ని ఎలా నిలబెడతాడు.

మన కథావిమర్శ కథను వస్తువుతో తూచింది. ఏ వర్గం గురించి రాశారు, ఏ యాసలో రాశారు, రచయిత ఎటువైపు నిలబడ్డాడు అని అడిగింది. అవన్నీ అడగవలసినవే. కానీ పాఠకుడు మొదటి పేజీ దాటి రెండో పేజీకి ఎందుకు పోయాడని మాత్రం అరుదుగానే అడిగింది. ఆ ప్రశ్నను కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కు, టెంపోరావు గారి నవలలకు, వారపత్రికల్లో ‘సశేషం’ దగ్గర ఆగే సీరియళ్లకు వదిలేసింది. ఉత్కంఠ అంటే హత్యలకు, దయ్యాలకు సంబంధించిన సరుకని, గంభీరమైన కథకు అది అక్కర్లేదని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఈ నమ్మకం మన కథకు నష్టం చేసిందని నేను అనుకుంటున్నాను. మన గొప్ప కథలను తీసి చూడండి, అవి మొదటినుంచీ ఉత్కంఠ మీదే నడిచాయి.

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. అంతకు ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాశారు. తొలి కథ ఏదన్న తగవులోకి ఇవాళ పోను. ‘దిద్దుబాటు’లో ఏం జరుగుతుందో మీకందరికీ తెలుసు. సానిపాట వినడానికి పోయిన గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. ఇంట్లో చీకటి. భార్య కమలిని లేదు. ఆమె రాసిపెట్టిన ఉత్తరం ఉంది. నౌకరును లేపడం, కేకలు, కంగారు, పశ్చాత్తాపం. చివరకు ఆమె నవ్వు మంచం కిందినుంచి వినిపిస్తుంది. ఆ రోజుల్లో నాచ్ వ్యతిరేకోద్యమం మీద ఉపన్యాసాలకు, కరపత్రాలకు కొదవలేదు. గురజాడ ఆ మాటనే ఒక మగవాడి భయంలో పెట్టి చెప్పాడు. ఆ భయం తీసేస్తే మిగిలేది కరపత్రమే.

ఇక్కడ గమనించవలసింది గురజాడ నిజాయితీ. కమలిని ఎక్కడుందో మనకు చెప్పలేదు, నిజమే. కానీ కథ మొదటినుంచి చివరిదాకా గోపాలరావును విడిచి పోదు. ఆయన చూసిందంతా మనం చూస్తాం, ఆయన చూడనిది మనమూ చూడం. కమలిని మనసులోకి కథకుడు ఒక్కసారీ తొంగి చూడలేదు. చూసి ఉంటే, ఆమె మంచం కింద ఉన్న సంగతి చెప్పకుండా దాటేస్తే, అది మోసం అయ్యేది. రెండోసారి చదివినప్పుడు మనకు కోపం రాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన పత్రికల్లో వచ్చే ఒక పేజీ కథలను చూడండి. కొసమెరుపు కోసం ‘నేను’ అని మొదలుపెట్టి, ఆ నేను మనిషి కాదు, పెంపుడు కుక్క అని చివరి వాక్యంలో చెప్పే కథలు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. ఆమె కోసం వాడు ఎదురుచూస్తుంటాడు, గుండె కొట్టుకుంటుంటుంది, తీరా వచ్చేది రైలు. చదివిన క్షణం నవ్వొస్తుంది. ఆ తర్వాత ఆ కథ దగ్గరకు మళ్లీ పోము, ఎందుకంటే అందులో ఉన్నదంతా దాపరికమే. పాత్రకు తెలిసినదాన్ని, పాత్ర ఆ క్షణంలో తప్పకుండా తలుచుకునేదాన్ని, రచయిత తన చేయి అడ్డుపెట్టి దాచాడు. ఆశ్చర్యం ఒక్క క్షణం ఉంటుంది. ఉత్కంఠ కథ పొడవునా ఉండాలి.

నిజానికి తెలుగులో దాచడం కష్టం. క్రియ చివరే మనిషిని పట్టిస్తుంది. వచ్చాడు, వచ్చింది, మన దిక్కు వచ్చిండు. కర్తను చెప్పకపోయినా ఆడో మగో తెలిసిపోతుంది. అందుకని హంతకుణ్ని దాచవలసి వచ్చిన రచయిత ‘ఎవరో వచ్చారు’ అని రాస్తాడు. నాలుగు డిటెక్టివ్ కథలు చదివిన పాఠకుడు ఆ ‘రు’ చూడగానే పసిగడతాడు: ఇక్కడేదో మరుగు ఉంది, బహుశా వచ్చింది ఆడమనిషి. అయితే దాచడానికి అడ్డొచ్చే ఈ భాషే ఆపడానికి ఎంతో అక్కరకొస్తుంది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. తలుపు నెట్టి, దీపం వత్తి పెంచి, గోడ పట్టుకుని నడిచి, మంచం దగ్గర ఆగి, దుప్పటి అంచు పట్టుకుని... వినేవాడు చివరి క్రియ కోసం ఊపిరి బిగబట్టవలసిందే. ఈ బలం మన కథకులకు పుట్టుకతో వచ్చింది. దీన్ని వదిలేసి, భయం రావాలంటే వాక్యం తర్వాత మూడు చుక్కలు, ఆరు చుక్కలు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. ఉదాహరణ కోసం ఇప్పుడు నేనూ మూడు చుక్కలు పెట్టాను గానీ, కథలో అయితే ఆ చోట క్రియ ఉండాలి.

ఈ బలం ఎలా వాడాలో నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. కొమురవెల్లి మన జిల్లాలోదే. మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లను ఇక్కడ విననివారు తక్కువ. జగ్గు, డోలు, తాళం, నపీరల నడుమ ప్రధాన కథకుడు నిలబడతాడు, పక్కన వంతలు. మల్లన్నకు బలిజ మేడలమ్మ ఉండగానే గొల్ల కేతమ్మ వస్తదని పందిట్లో తల్లి ఒడిలో కూర్చున్న పిల్లకూ తెలుసు. పోయిన ఏడూ విన్నారు, వచ్చే ఏడూ వింటారు. మరి తెల్లవారే దాకా ఎందుకు కూర్చుంటారు?

మొక్కు, భక్తి, పండుగ, ఇవన్నీ ఉన్నాయి. వాటితోపాటు ఒక కథన విద్య కూడా ఉంది. కథకుడు ఒక మాట అంటాడు. వంత దానికి వంత పాడడు, అడ్డుపడతాడు. ‘అట్లనా?’ అంటాడు, ‘ఎవలు జెప్పిన్రు?’ అంటాడు, ఊర్లో నిన్న జరిగిన ముచ్చట తెస్తాడు, నవ్విస్తాడు. కథకుడు ఆ నవ్వు అయిపోయేదాకా ఆగి, పోయినచోటినుంచి కాకుండా ఒక అడుగు వెనక నుంచి అందుకుంటాడు. కేతమ్మ ముచ్చట మేడలమ్మ చెవిన పడే ఘట్టం అట్లా దగ్గరకు వస్తూ, వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఏం జరుగుతుందన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఆమె ఆ మాట వింటే తట్టుకుంటదా అన్నది ప్రశ్న. అదీ ఒక్క గొంతులో కాదు: అప్పటిదాకా మల్లన్నగా ఉన్న కథకుడు చెంగు నెత్తిన వేసుకుని మేడలమ్మ అయితాడు. ఒక్క మనిషిలో మొగుడు, పెద్దపెండ్లాం ఇద్దరూ నిలబడ్డప్పుడు, ఎవరు గెలవాలని కోరుకోవాలో తెలియక మనం కట్టుబడిపోతాం.

చేర్యాల పటం కూడా ఇదే పని బట్ట మీద చేసింది. నిలువుగా దిగే పొడుగాటి పటం మీద నకాశీ చిత్రకారులు వరుసగా గళ్లు గీస్తారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు, గౌడులకు గౌడజెట్టివారు వాళ్ల కులకథ, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ. పటం పైనుంచి కిందికి ఒక్కొక్క గడిగా విప్పుతూ పోతారు. తర్వాతి బొమ్మ చుట్టలోనే ఉంటుంది. వినేవాళ్లది తమ కులకథ. లోపలేముందో వాళ్లకు తెలుసు. చుట్ట విప్పకుండా కథకుడు మాట పొడిగిస్తున్నకొద్దీ, తమకు తెలిసినదాని కోసమే వాళ్లు మెడలు చాస్తారు. చిన్న కథకు కొలతలు పెట్టి పుస్తకాలు రాసిన పడమటి విమర్శకులను మనం బాగా చదువుకున్నాం. చేర్యాల బస్సు దూరంలోనే ఉంది. అక్కడికి మన కథారచయితలు ఎందరు పోయారో వాళ్లనే అడగండి.

ఇంతకూ నా వాదం ఒక్కటే. ఉత్కంఠ తెలియనిదాని నుంచి పుట్టదు. ఒక మనిషి మీద మనకు మమకారం కలిగి, వాళ్ల మీదికి వచ్చేది మనకు కనిపిస్తుంటే, నడుమ ఉన్న సమయం నుంచి పుడుతుంది. మమకారం లేకపోతే ఎంత రహస్యం ఉన్నా ఉత్త పొడుపుకథే.

దీనికి మన దగ్గరి ఉదాహరణ ‘గొల్ల రామవ్వ’. పి.వి. నరసింహారావు గారు ‘విజయ’ అనే కలంపేరుతో కాకతీయ పత్రికలో అచ్చువేసిన కథ. నిజాం కాలం, రజాకార్ల రోజులు. ఆ రోజుల్లో పల్లెలో అర్ధరాత్రి అలికిడి అయితే ప్రాణం గొంతులోకి వచ్చేది. ఒక గుడిసె, ఒక ముసలవ్వ, ఆమె మనుమరాలు. వెంటాడుతున్న పోలీసుల నుంచి తప్పించుకుని ఒక యువకుడు ఆ గుడిసెలోకి వస్తాడు. వాడెవడన్న మొదటి భయం కాసేపటికి తీరిపోతుంది. రచయిత అక్కడితో రహస్యాన్ని ముగించేశాడు. చిన్న రచయిత అయితే ఆ యువకుడు ఎవరన్నది చివరిదాకా లాగేవాడు. ఇక్కడ అన్నీ మనకు తెలుసు: లోపల వాడున్నాడు, పోలీసులు వస్తారు. మనకు తెలియనిది ఒక్కటే, రామవ్వ ఏం చేస్తుందన్నది. అది రామవ్వకే అప్పటికి తెలియదు. చదువు లేని, బలం లేని ముసలమ్మ ఆ క్షణానికి బుద్ధి కూర్చుకుని, వాడిని తన ఇంటివాడిగా నిలబెడుతుంది. ఆ ఎదురుచూపులో మనం కొలుస్తున్నది ఆమె ఎత్తును. మన యాసలో ఉన్న పిలుపుల బలం కూడా ఇలాంటి కథల్లోనే తెలుస్తుంది. కొత్తవాడిని ‘ఎవలు నువ్వు’ అన్న నోరు ‘కొడుకా’ అనేదాకా జరిగే దూరమే ఒక కథ. నిన్నటిదాకా ‘అన్నా’ అన్నవాడు ఇవాళ ‘పటేలా’ అన్నాడంటే, ఏ హెచ్చరికా లేకుండానే పాఠకుడి వెన్ను నిటారవుతుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘వడ్లగింజలు’లో ఉత్కంఠ ఇంకో రకం. పేదింటి చదరంగపు ఆటగాడు పెద్దాపురం సంస్థానంలో రాజుగారితో ఆడాలని వస్తాడు. ఆయన దర్శనమే దొరకదు. ద్వారం దగ్గరివాళ్లు, నడుమ అధికారులు, ఊళ్లో మాటలు. శాస్త్రిగారికి తొందర లేదు. భోజనాలు, వీధి అరుగులు, సంభాషణలు పేజీలకు పేజీలు. ఆ నిదానమే ఆటను మన మనసులో పెంచుతుంది. ఇక పందెం: మొదటి గడికి ఒక వడ్లగింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు. విన్నవాళ్లకు అది పిల్లల బేరం. లెక్క తెలిసిన పాఠకుడికి మాత్రం లోపల గుబులు మొదలవుతుంది. పదో గడికి 512 గింజలే. ఇరవయ్యో గడికి 5,24,288. ముప్పై రెండో గడి ఒక్కదానికే 214 కోట్లు దాటుతుంది, అది సగం బల్ల మాత్రమే. 64 గళ్లకూ కలిపితే వచ్చేది ఇరవై అంకెల సంఖ్య. ఏ ధాన్యాగారమూ దాన్ని తీర్చలేదు. బల్ల మీద పావులు కదులుతున్నంతసేపూ, అక్కడున్నవాళ్లకు కనిపించని ఆ పర్వతం మనకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇక ‘యజ్ఞం’ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. కాళీపట్నం రామారావు గారి ఈ కథ 1964 నాటిది. దీని మీద మనవాళ్లు ఎంతో రాశారు, వాదించుకున్నారు, దాదాపు అంతా ముగింపు మీదే. ఆ ముగింపు మనల్ని అంతగా ఎందుకు తాకుతుందో చెప్పాలంటే మొదటి పేజీల దగ్గరకు పోవాలి. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడు గోపన్నకు బాకీ. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు. ఊరంతా పంచాయతీకి కూడుతుంది. అంతే. హత్య లేదు, రహస్యం లేదు, ఛేదించేవాడు లేడు. ఆ ఊరు ఎట్లా ఉండేది, ఎట్లా బాగుపడింది, ఎవరు ఏ అభివృద్ధి తెచ్చారు అని కథకుడు నిదానంగా చెబుతూ పోతాడు. మొదటిసారి చదివేవాళ్లకు విసుగు రావచ్చు. ఒక బాకీ తగవుకు ఇంత ఊరి చరిత్ర ఎందుకని అనిపిస్తుంది. అనిపించాలి కూడా. అంత మంది ఒక పేదవాడి బాకీ కోసం కూర్చున్నారంటే ఇందులో ఇంకేదో ఉందన్న అనుమానం అక్కడే పుడుతుంది.

రామారావు గారు చేసిన గొప్ప పని, తూకం ఎటూ వాలకుండా పట్టుకోవడం. శ్రీరాములు నాయుడు దుర్మార్గుడైతే కథ సులువయ్యేది. ఆయన ఊరికి మేలు చేసినవాడు. గోపన్న బలిసినవాడైతే ఇంకా సులువు; అతడూ చితికినవాడే. న్యాయం ప్రకారం మాట్లాడుతున్నారు, మర్యాదగా మాట్లాడుతున్నారు. ప్రతి మాటా సరైనదే అనిపిస్తుంది, ప్రతి మాటతోనూ అప్పల్రాముడికి నిలబడే చోటు తగ్గుతుంది. మనం ఎవరినీ తిట్టలేం, లేచి పోలేం. పంచాయతీలో ఒక మూల కూర్చుండిపోతాం. అప్పుడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన కన్నకొడుకును తన చేతులతో చంపి ఆ సభ ముందుకు తెస్తాడు. అది ఎవరూ ఊహించనిదే. కానీ రచయిత దాన్ని చాటున ఉంచి హఠాత్తుగా బయటకు తీయలేదు. పేజీ పేజీకీ మన కళ్లముందే పేర్చిన సమిధలకు నిప్పు అంటుకుంది, అంతే. ఆ అప్పు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనుమడికి పోతుందని కథ చెబుతూనే వచ్చింది. మనం వినలేదు.

ఇదే అమరికను ఇంకో దేశంలో ఇంకో రచయిత్రి పట్టుకుంది. షర్లీ జాక్సన్ రాసిన ‘ది లాటరీ’ 1948 జూన్ 26న న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. అక్కడా ఊరంతా ఒకచోట కూడుతుంది, ఎండ బాగుంటుంది, ఇరుగుపొరుగు మాటలు, తరాలుగా వస్తున్న ఆచారం. కథ మొదట్లోనే పిల్లలు రాళ్లు ఏరి కుప్ప పోస్తుంటారు. పిల్లల ఆటే కదా అని దాటిపోతాం. చివర్లో ఆ రాళ్లు ఎందుకో తెలుస్తుంది: చీటీ వచ్చిన మనిషిని ఊరంతా కలిసి కొట్టడానికి. అచ్చయ్యాక పాఠకుల నుంచి కోపంతో, కలవరంతో వందల ఉత్తరాలు వచ్చాయి. రెండు కథల్లోనూ ఊరి మర్యాదే భయం. తేడా ఎక్కడంటే, జాక్సన్ ఆ ఆచారం దేనికో చెప్పకుండా చివరిదాకా నడిపింది. రామారావు గారికి ఆ ఒక్క దాపరికం కూడా అవసరం రాలేదు. నా మట్టుకు నాకు ‘యజ్ఞం’ ఇంకా పై మెట్టు మీద ఉంది.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ గురించి ఒక్కమాట. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. తుపాను ఎప్పుడు తగ్గుతుందా అని మనం చూస్తున్నామనుకుంటాం. నిజానికి మనం చూసేది, ఆ కథలోని రావుగారు జీవితమంతా సూత్రాలతో కట్టుకున్న గోడ ఎప్పుడు కూలుతుందా అని. గాలి దానికి గడువు పెట్టింది. బయట జరిగేదానికి లోపల జరిగేదానికి ముడి వేయడం తెలిస్తే, వాన కూడా కథను నడుపుతుంది.

ఈ ఊళ్లో రాస్తున్న యువతరం కోసం ఇక చివరి సంగతి. మంజీరా రచయితల సంఘం, నందిని సిధారెడ్డి గారి వంటివారు ఈ గడ్డ మీద కవిత్వానికి గట్టి పునాది వేశారు. కథ ఇంకా ఎక్కువ రావాలి. వస్తువు కోసం వెతకనక్కర్లేదు. తొగుట పక్కన 50 టీఎంసీల మల్లన్నసాగర్ ఉంది, 2022 ఫిబ్రవరి 23న దాన్ని ప్రారంభించారు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి, ఆ మనుషుల్లో చాలామంది గజ్వేల్ దగ్గరి కాలనీల్లో ఉన్నారు. ఆ ఊళ్లు మునుగుతాయని వాళ్లకు ఏండ్ల ముందే తెలుసు. ధర్నాలు చేశారు, కోర్టుకు పోయారు, చెక్కులు కొందరు తీసుకున్నారు, కొందరు తీసుకోబోమన్నారు. తెలియనిది తేదీ ఒక్కటే. ఆ తేదీ వచ్చేలోపల మనిషి ఏం చేస్తాడు? ఆ వానకాలం నాటు వేస్తాడా? కుదిరిన బిడ్డ పెండ్లి ఆ వాకిట్లోనే చేస్తాడా, ముహూర్తం ముందుకు జరుపుతాడా? పక్కింటివాడు చెక్కు తీసుకున్నాడని తెలిసిన రోజు వాడింట్లో నీళ్లు తాగుతాడా? ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కటి తీసుకున్నా ఒక కథ పొడవుకు సరిపోతుంది. ముగింపు అందరికీ తెలుసు కాబట్టి దాచవలసిన బరువు మీ మీద లేదు. నీళ్లు రావడంతో ముగించకండి, అది పేపర్లో వచ్చింది. మొదలుపెట్టవలసింది ఆ ఊళ్లో ఇంకా ఎవరో కొత్త తలుపులు చేయిస్తున్న రోజు నుంచి. ఎవరు చేయిస్తున్నారో, ఎందుకు చేయిస్తున్నారో మీలో ఆ ఊళ్ల పిల్లలున్నారు కాబట్టి మీకే తెలుసు. రాయండి. రాసినవాళ్లు నాకు పంపితే చదివి, ఎక్కడ నా ఊపిరి ఆగిందో, ఎక్కడ ఆగలేదో అంచుల్లో గుర్తు పెట్టి తిరిగి పంపుతాను.